శ్రీ మహావీరాచార్యులవారు

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడు మాన్యఖేటము నుండి రాజ్యమేలుచున్న 9వ శతాబ్దములో, కన్నడ దేశమున గణిత విద్యలో ఆరితేరిన జైనాచార్యులొకరు వెలసిరి. వారే శ్రీ మహావీరాచార్యులవారు. తమ వంశమును గూర్చి వారు వ్రాసికొనలేదు. జినేంద్రుని, రాజును కొనియాడి నేరుగా లెక్కలలోనికి దిగిరి.

సుమారు 850లో వారు సంస్కృత శ్లోకములలో రచించిన గ్రంథము ‘గణితసారసంగ్రహము’. అంతకు ముందు ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు గణితమును జ్యోతిషములో భాగముగా చెప్పిరి. వీరు దానిని విడదీసి, వడ్డీ, భాగస్తుల వాటాలు, బంగారు వన్నె మొదలైన వర్తకుల లెక్కలకు పెద్దపీట వేసిరి.

సంఖ్యాస్థానములకు ఏకము మొదలు మహాక్షోభము వరకు 24 పేర్లు చెప్పిరి. మన చిట్టాలు కోటి దగ్గరనే ఆగిపోవును గదా! 27994681ని 441తో హెచ్చవేసిన 12345654321 వచ్చును. ఎటునుండి చదివినను ఒకటే. ఇట్టి సంఖ్యలను వారు కంఠహారములతో పోల్చిరి.

శ్లోకములో అంకెలు ఇమడవు. కనుక అంకెకు బదులు మాటను వాడిరి. ఈ పద్ధతి పూర్వమునుండి ఉన్నదే. వీరు అందులో జైన పదములను చేర్చిరి. రత్నమన్న 3, వ్రతమన్న 5, తత్త్వమన్న 7. ఒకట్ల స్థానము నుండి ఎడమకు పోవలెను గనుక, రత్న-వ్రత-తత్త్వ అన్నచో 753 అగును. రత్నత్రయము, పంచవ్రతములు, సప్తతత్త్వములు ఎరిగిన జైన బాలునికి ఇది కష్టము కాదు. తాటాకుపై ఒక అంకె చెరిగినను, మారినను కనిపెట్టుట కష్టము. మాట మారినచో ఛందస్సే పట్టి ఇచ్చును. నేడు చిక్కపేటలో చెక్కు వ్రాయు వ్యాపారి మొత్తమును అంకెలలో వ్రాసి, మరల మాటలలో వ్రాయుచున్నాడు. రెంటికి భేదము వచ్చినచో మాటలలోని మొత్తమే లెక్కయని 1881 నాటి చట్టము.

సున్నతో భాగించిన సంఖ్య మారదని ఆచార్యులవారు వ్రాసినది మాత్రము సరికాదు. పెద్దలదైనను తప్పును దాచనక్కరలేదు. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని గుర్తించినదియు వారే.

ఈ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన శైవుడు, జినుని స్తుతి ఉన్నచోట శివుని నిలిపెను. అందుచేత తెలుగువారు ఆచార్యులవారి లెక్కలు నేర్చిరి గాని, అవి జైనుని లెక్కలని చాలమంది ఎరుగరు. 1912లో రంగాచార్యులవారు మద్రాసులో మూలమును ఆంగ్లానువాదముతో అచ్చు వేయించిరి. 2000లో హొంబుజ మఠము కన్నడానువాదముతో ప్రకటించినది.