పురుగు జ్వరానికి మందు.. యల్లాప్రగడ ప్రయోగశాల నుంచే!

2025 చివర్లో విజయనగరం జిల్లా నుంచి ఒక జ్వరం పేరు వార్తల్లోకి ఎక్కింది. అదే స్క్రబ్ టైఫస్. పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే నల్లిలాంటి పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుక్కల ఒంటి మీద పాకే గోమార్లు తెచ్చే ఇండియన్ టిక్ టైఫస్ దీనికి చుట్టమే. రెండింటికీ డాక్టర్లు ముందుగా రాసేది డాక్సీసైక్లిన్. ఆ మందుల కుటుంబంలో తొలి మందు బయటికొచ్చినప్పుడు ఆ ప్రయోగశాల పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పుట్టింది 1895 జనవరి 12న. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుంటే సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుంటూనే ఆసుపత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేశారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. శ్రీకాకుళం జిల్లాలో బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అక్కడ ఆయన బృందం తెచ్చినదే.

అక్కడే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త పనిచేసేవారు. విశ్వవిద్యాలయం రిటైర్ చేసి పంపేస్తే, డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో చేరారు. దేశదేశాల మట్టి తెప్పించి వెతికితే, మిస్సోరీ పొలం మట్టిలోని ఒక సూక్ష్మజీవి బంగారు రంగు మందునిచ్చింది. అదే ఆరియోమైసిన్. దాన్ని సుబ్బారావే కనిపెట్టారని మనవాళ్లు రాసేస్తుంటారు. కనిపెట్టింది డగ్గర్. ఆ వెతుకులాటను నడిపించింది సుబ్బారావు. అంత మాత్రం చాలదా?

1948లో ఆ మందు అమెరికాలో పిడుదులు తెచ్చే రాకీ మౌంటెన్ స్పాటెడ్ జ్వరంపై పనిచేసింది. ఈ జ్వరాల బ్యాక్టీరియా మన కణాల్లోపల దాక్కుంటుంది, అందుకే పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. పైగా అది ఒకే రకం కాదు. స్క్రబ్ టైఫస్ క్రిమిలోనే కార్ప్, గిలియం, కాటో అంటూ జన్యుపరంగా వేర్వేరు రకాలున్నాయి. ఒక రకం సోకి తగ్గినా మరో రకం నుంచి గట్టి రక్షణ దొరకదు. టీకా రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మందు మాత్రం, త్వరగా మొదలుపెడితే, ఈ రకాలన్నిటి మీదా సాధారణంగా పనిచేస్తుంది. గర్భిణులకైతే డాక్టర్లు అజిత్రోమైసిన్ వైపు మొగ్గుతారు. పొలం నుంచో తోట నుంచో వచ్చిన కొన్ని రోజులకు జ్వరం పట్టుకుంటే చంకలు, గజ్జలు, నడుము చుట్టూ చూడండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తే డాక్టర్‌కు తప్పక చూపించాలి. పక్కు లేకపోయినా ఈ జ్వరం కాదనుకోవడానికి లేదు.

ఆరియోమైసిన్ వివరాలు లోకానికి చెప్పిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. అమెరికా వెళ్లాక ఆయన మళ్లీ భీమవరం చూడలేదు.