సాక్ష్యములను తూచిన వోల్టేరు

ఫ్రాన్సు దేశపు మహారచయితలలో వోల్టేరు అగ్రగణ్యుడు. 1694లో పారిస్ నగరమున జన్మించిన ఈతని అసలు పేరు ఫ్రాంస్వా మరీ అరువే. వ్యంగ్య రచనల మూలమున యౌవనములోనే బాస్టీలు చెరసాలలో 11 మాసములు గడపెను. నాటకములు, కావ్యములు, చరిత్ర గ్రంథములు రచించి యూరపు ఖండమంతట ప్రఖ్యాతి గాంచెను. అయినను ఆతని జీవితమున మిక్కిలి స్మరణీయమైన ఘట్టము, 67 ఏండ్ల వయస్సున ఒక హత్యకేసులోని సాక్ష్యములను పరిశీలింప బూనుటయే.

తులూజు నగరమున జాన్ కలాస్ అను బట్టల వర్తకుడుండెను. ఆతడు ప్రొటెస్టెంటు, నగరవాసులలో అత్యధికులు కాథలిక్కులు. 1761 అక్టోబరు 13 రాత్రి కలాసు పెద్దకుమారుడు ఇంటి క్రిందనున్న అంగడిలో మృతుడై కనబడెను. కుమారుడు కాథలిక్కు మతమున చేరబోవుటచే తండ్రియే చంపెనని గుమిగూడిన జనములో ఎవరో కేక వేసిరి. ఆ కేకయే నేరారోపణమయ్యెను.

ఇంటివారు తొలుత కుమారుని ఎవరో చంపిరనిరి. పిదప, ఉరిపోసికొని యుండగా చూచితిమని మాట మార్చిరి. ఆత్మహత్య చేసికొన్నవాని శవమును ఆనాడు వీథులలో ఈడ్చెడివారు. ఆ అవమానమునకు వెరచియే అబద్ధమాడితిమని చెప్పినను అధికారులు నమ్మలేదు. తెలిసినవారు వచ్చి చెప్పవలెనని చర్చీలలో ప్రకటన చదివించిరి. వినికిడి మాటయైనను చాలుననిరి. నిర్దోషిత్వమునకు తోడ్పడు సాక్ష్యమును మాత్రము కోరలేదు. అనేకులు వచ్చి చెప్పిరి. కన్నులార చూచినవాడొక్కడును లేడు. 1762 మార్చి 9న మరణశిక్ష విధింపబడెను. మరునాడు 63 ఏండ్ల కలాసును ఎముకలు విరుగగొట్టి చంపిరి. చిత్రహింసలలోను ఆతడు నేరము నొప్పుకొనలేదు.

స్విట్జర్లాండు సరిహద్దున నివసించుచున్న వోల్టేరునకు ఈ వార్త చేరెను. తండ్రి దోషి కావచ్చుననియే ఆతడును మొదట తలచెను. కాని విచారింపక నిశ్చయింపలేదు. జెనీవాకు పారివచ్చిన కలాసు చిన్న కుమారుని పిలిపించి ప్రశ్నించెను. ఆ కుటుంబము నెరిగిన వర్తకుల నడిగెను. ఆ రాత్రి తండ్రి, తల్లి, మరియొక కుమారుడు, అతిథి, కాథలిక్కు మతస్థురాలైన దాసి ఒక్కచోటనే యుండిరని తెలిసెను. వృద్ధుడు బలిష్ఠుడైన యువకుని ఒంటరిగా ఉరితీయజాలడు. ఇతరులు తోడ్పడిరన్నచో వారును దోషులే. కాని న్యాయస్థానము ఆ కుమారునికి దేశబహిష్కారము విధించి, తక్కినవారిని విడిచిపుచ్చెను. తీర్పు తనను తానే ఖండించుకొనుచుండెను.

తులూజు న్యాయస్థానము సాక్ష్యమును నాలుగవ వంతు, ఎనిమిదవ వంతు అని లెక్కించెడిది. ఆ లెక్కన ఎనిమిది వదంతులు చేరిన పూర్తి ఋజువగును. ఈ విచిత్ర గణితమును వోల్టేరు తన రచనలలో తీవ్రముగా ఎత్తిపొడిచెను. ఒకరు పుట్టించిన మాటను నూరుగురు వల్లించినను సాక్ష్యము నూరు రెట్లు పెరుగదు గదా!

మూడేండ్లు ఆతడు విశ్రమింపలేదు. లెక్కలేనన్ని లేఖలు వ్రాసెను, న్యాయవాదులను కూర్చెను, 1763లో పరమత సహనముపై గ్రంథము ప్రకటించెను. 1764 జూనులో రాజమంత్రాలోచన సభ తీర్పును రద్దుచేసెను. 1765 మార్చి 9న, శిక్ష విధించిన దినమునకు సరిగా మూడేండ్లకు, 40 మంది న్యాయాధికారులు ఏకగ్రీవముగా కలాసు నిర్దోషి యని ప్రకటించిరి. రాజు ఆ కుటుంబమునకు 36,000 లీవ్రుల ధనమొసగెను. పోయిన ప్రాణము మాత్రము మరలి రాలేదు.

1778లో వోల్టేరు చాలకాలమునకు పారిస్ నగరమునకు వచ్చి, ఆ యేటనే మే 30న కన్నుమూసెను. ఆతని నాటకమునకు ప్రేక్షకులు జేజేలు పలికిరి. వీథులలోని సామాన్యులు మాత్రము ఆతనిని కలాసు పక్షమున నిలిచినవానిగానే గుర్తించిరని చెప్పుదురు.