శిథిల మందిరమునకు రాళ్లు మోసిన ఫ్రాన్సిస్

పాత దేవాలయము మరమ్మతు మాట వచ్చినప్పుడు సంఘ కమిటీలో మొదట లేచే ప్రశ్న డబ్బు ఎక్కడినుండి వచ్చును అనునదే. ఈ శతవార్షికోత్సవ సమయములో ఆ ప్రశ్నను తలంచుచు, పాడుబడిన ఒక చిన్న మందిరమును తన చేతులతో బాగుచేసిన అస్సీసీ ఫ్రాన్సిస్ జీవితమును సంఘస్థుల యెదుట ఉంచుచున్నాము.

ఫ్రాన్సిస్ 1181 లేక 1182లో ఇటలీ దేశమందలి అస్సీసీ పట్టణములో జన్మించెను. తండ్రి పియెత్రో ధనవంతుడైన బట్టల వర్తకుడు. కుమారుడు పాటలతోను విందులతోను యౌవనము గడిపెను. 1202లో పెరూజా పట్టణముతో జరిగిన యుద్ధములో చిక్కి, సుమారు ఒక సంవత్సరము చెరలో ఉండెను. విడుదలైన పిమ్మట చాలకాలము జబ్బుపడెను. అప్పటినుండి ఆయన మనస్సు మారసాగెను. కుష్ఠరోగులను చూచి దూరముగా తొలగిపోవువాడు, వారి చెంతకు వెళ్లి పరిచర్య చేయ మొదలుపెట్టెను.

పట్టణపు గోడ వెలుపల, కొండ దిగువను, సాన్ దమియానో అను పాత మందిరము కూలిపోవు స్థితిలో ఉండెను. దానిని కనిపెట్టుకొని ఒక బీద గురువు మాత్రము ఉండెను. 1206 ప్రాంతములో అక్కడి సిలువ యెదుట ప్రార్థించుచుండగా, శిథిలమగుచున్న తన యింటిని బాగుచేయుమని క్రీస్తు తనను పిలిచినట్లు ఫ్రాన్సిస్ గ్రహించెను. ఆ పిలుపు సర్వసంఘమును గూర్చినదని తరువాతివారు వివరించిరి. ఆయన మాత్రము ఆనాడు కంటి యెదుట ఉన్న గోడలనే చూచెను.

వెంటనే తండ్రి కొట్టులోని బట్టలను గుఱ్ఱముపై వేసుకొని ఫోలిన్యో పట్టణమునకు పోయి, గుఱ్ఱముతో సహా అమ్మివేసి, ఆ సొమ్ము గురువు చేతికి ఇవ్వబోయెను. తలిదండ్రులకు జడిసి గురువు పుచ్చుకొనలేదు. ఫ్రాన్సిస్ దానిని కిటికీలో పడవేసెను. తండ్రి ఫిర్యాదు బిషప్పు గీదో యెదుటికి వచ్చెను. అన్యాయముగా వచ్చిన సొమ్ము దేవుని యింటికి తగదనియు, తండ్రిది తండ్రికి ఇచ్చివేయుమనియు బిషప్పు తీర్పు చెప్పెను. ఫ్రాన్సిస్ సొమ్ముతోపాటు ఒంటిమీది బట్టలను కూడ విప్పి ఇచ్చివేసెను. బిషప్పు తన వస్త్రముతో ఆయనను కప్పెను.

అసలైన మరమ్మతు ఆ తరువాతనే ప్రారంభమాయెను. చేతిలో కాసు లేదు. పట్టణములోనికి పోయి పాటలు పాడుచు ఒక్కొక్క రాయి అడుగుకొని, తన భుజములపై మోసికొని వచ్చెను. చూచినవారిలో కొందరు నవ్విరి, కొందరు కంట తడిపెట్టిరి. ఒక దినమున దీపములకు నూనె అడుగుటకు ఒక యింటికి పోగా, అక్కడ పాత స్నేహితులు ఆటలో ఉండిరి. సిగ్గుపడి వెనుకకు తిరిగెను. మరల తనను తాను గద్దించుకొని లోనికి పోయి, తాను సిగ్గుపడిన సంగతి అందరి యెదుట ఒప్పుకొని నూనె అడిగెను. రాళ్లు మోయుటకంటె ఇది బరువైన పని అని మేము తలంచుచున్నాము.

ఆ మందిరము తరువాత మరియొకటి, పిమ్మట పోర్జియుంకోలా అను చిన్న మందిరము బాగుచేసెను. ఇది బెనెడిక్టు మఠమువారిది. సహోదరులు దానిని సొంతము చేసికొనక, ఏటేట ఒక బుట్టెడు చేపలు అద్దెగా ఇచ్చుచుండిరని సంప్రదాయము.

సాన్ దమియానోలో ముందుముందు స్త్రీలు నివసించి దేవుని మహిమపరతురని ఫ్రాన్సిస్ పని జరుగుచుండగానే చెప్పెనని క్లారా తన మరణశాసనములో వ్రాసెను. ఆమె 1212లో లోకమును విడిచి వచ్చి, ఆ మందిరమునొద్దనే సహోదరీలతో స్థిరపడి, 1253లో మరణించువరకు అక్కడనే ఉండెను. 1225లో జబ్బుపడి చూపు మందగించిన ఫ్రాన్సిస్‌కు కూడ ఆ స్థలమే ఆశ్రయమాయెను. సూర్యచంద్రులతో కలిసి దేవుని స్తుతించు తన గీతమును ఆయన అక్కడనే కట్టెను. 1226 అక్టోబరు 3న పోర్జియుంకోలా యొద్ద కన్నుమూసెను. ఆ మందిరములు నేటికిని నిలిచియున్నవి.

ప్రియులారా, ఆయన మొదట తెచ్చిన సొమ్ము ఒక్క రాయినైనను నిలువబెట్టలేదు. అడిగి తెచ్చిన రాళ్లు నిలిచినవి, ఏలయనగా ఇచ్చిన ప్రతి యింటికిని ఆ గోడలో పాలు కలిగెను. గనుక ఎస్టిమేటు వేయించుటకు ముందు మూడు సంగతులు విచారింతము: ఆ సొమ్ము ఎవరిది? పనికి వచ్చు చేతులు ఎవరివి? సున్నము ఆరిన తరువాత అందులో కూడుకొనువారు ఎవరు? ఆదివారము రెండు గంటలు తెరచి, ఆరు దినములు తాళము వేసిన మందిరము మరల శిథిలమగుటకు ఎంతో కాలము పట్టదు. స్త్రీల మైత్రికి, పిల్లల చదువులకు, వీధిలోని వృద్ధులు వచ్చి కూర్చొనుటకు దాని తలుపులు తెరచియుండునట్లు చేయుదము. రెండవ శతాబ్దమునకు మన సంఘములు మోయవలసిన మొదటి రాయి ఇదియే.