మన్రో దొర – పిల్లలకు చెప్పాల్సిన చరిత్ర

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను రెండు వందల ఏళ్ళ కిందట మన ప్రాంతాన్ని పాలించిన ఒక కలెక్టరు గురించి రాస్తున్నాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు అప్పుడు ఆయన అధికారం కిందివే. చిన్న పిల్లలకు చరిత్ర ఎట్లా చెప్పాలని ఉపాధ్యాయ మిత్రులతో మాట వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చే మనిషి సర్ థామస్ మన్రో.

మన్రో 1761లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఒక వర్తకుడి ఇంట పుట్టాడు. తండ్రి వ్యాపారం చితికిపోవడంతో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, 1780లో మద్రాసులో ఓడ దిగాడు. హైదర్ అలీతోనూ టిప్పు సుల్తానుతోనూ జరిగిన యుద్ధాల్లో పనిచేశాడు. తర్వాత సేలం వైపు బారామహల్లో శిస్తు పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం మన ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. ఆ దత్త మండలాలకు మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. అప్పటికి ఇక్కడ 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద దాదాపు 30,000 మంది ఆయుధాలు పట్టిన బంట్లు ఉండేవారు. కంపెనీ సైన్యం అండతో వాళ్ళను అణచివేశాడు.

నేను ఇంజినీరుని కాబట్టి నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆయన చేయించిన భూమి కొలత. 1802లో పని మొదలైనప్పుడు కొలవడం తెలిసిన గుమాస్తాలు నలుగురే. మరుసటి ఏడాదికి వంద మంది అయ్యారు. 33 అడుగుల గొలుసుతో ఊరూరా చేలు కొలిచారు. అటు 33, ఇటు 33 అడుగులున్న చదరాలు నలభై అయితే ఎకరం. హిందూపురం దాటి కర్ణాటకలోకి పోతే ఇప్పటికీ ఆ చదరాన్నే గుంట అంటారు. ఈ కొలతను బట్టి, నేల రకాన్ని బట్టి, ఒక్కో రైతుకు విడిగా శిస్తు కట్టారు. అదే రైత్వారీ పద్ధతి. శిస్తు భారం తక్కువేమీ కాదు. ఆ సంగతి మన్రోకూ తెలుసు. 1807లో వెళ్ళిపోయే ముందు, శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలని రాశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా వచ్చాకగాని ఆ తగ్గింపు అమలు కాలేదు.

గవర్నరుగా ఆయన 1822లో ఇంకో లెక్క తీయించాడు. ఎన్ని బళ్ళున్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఏం చదువుతున్నారో తెలపమని అన్ని జిల్లాల కలెక్టర్లనూ అడిగించాడు. మన తాలూకాలు అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ అంతకుముందే తెలుగు వ్యాకరణం రాసినవాడు. 1823లో ఆయన పంపిన జవాబు ప్రకారం జిల్లాలో 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. తెలుగు బళ్ళు 226, కన్నడ బళ్ళు 235. హిందువుల్లో చదివే ఆడపిల్లలు 60 మందే. పిల్లలు ఐదో ఏట బడిలో చేరి ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు నేర్పేవారు. పురాణాలు, కావ్యాలు కంఠతా పట్టేవారు గాని అర్థం తెలిసేది కాదని కాంప్‌బెల్ రాశాడు. చదువు తగ్గడానికి పేదరికమే కారణమనీ, సీమ బట్టలు వచ్చి నేతగాళ్ళ సంపాదన పడిపోయిందనీ కూడా దాచకుండా రాశాడు. మగ్గాల మధ్య పెరిగే ధర్మవరం పిల్లలకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది?

అన్ని జిల్లాల లెక్కలూ కలిపితే 12,498 బళ్ళు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. ఇది చాలదని మన్రో 1826లో ప్రతి తాలూకాకూ ఒక ప్రభుత్వ బడి ఉండాలని ప్రతిపాదించాడు. అక్కడి పంతులుకు నెలకు 9 రూపాయల జీతం. ఆ బళ్ళు కుదురుకోకముందే ఆయన కాలం తీరింది. స్వదేశానికి వెళ్ళబోతూ దత్త మండలాలను చివరిసారి చూడాలని బయలుదేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో సమాధి చేశారు. తర్వాత అస్థికలను మద్రాసుకు తీసుకుపోయారు. 1836లో ఆ తాలూకా బళ్ళనూ ఎత్తేశారు.

జనం మాత్రం ఆయన్ను మండవ రుషి అన్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడారనీ, గండి క్షేత్రంలో బంగారు తోరణం ఆయన కంటపడిందనీ, అది చావు దగ్గరపడ్డవాళ్ళకే కనిపిస్తుందనీ కథలు చెప్పుకున్నారు. నా ఉద్దేశంలో పాఠం ఈ కథలతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే పిల్లలు చెవులొగ్గి వింటారు. తర్వాత, ఇది మనకెట్లా తెలిసింది, రాసిపెట్టింది ఎవరు అని అడగాలి. అప్పుడు 1823 నాటి లెక్క చూపాలి. మన్రో రుషీ కాదు, రాక్షసుడూ కాదు. పరాయి కంపెనీ కోసం శిస్తు వసూలు చేసినవాడే, ఆ శిస్తు తగ్గించమని రాసినవాడూ ఆయనే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవని తొమ్మిదేళ్ళ పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. వాళ్ళ ఇళ్ళలోని పెద్దవాళ్ళూ అట్లాంటివాళ్ళే కదా!

ఒక వేసవిలో మా వీధి పిల్లలతో 33 అడుగుల తాడు పట్టించి ఖాళీ స్థలంలో ఒక గుంట గీయించాను. ఆనాడు చేను తప్పు కొలిస్తే రైతు ఎవరితో చెప్పుకునేవాడని నాలుగో తరగతి పాప అడిగింది. చరిత్ర పాఠం నుంచి మనం ఆశించాల్సింది అట్లాంటి ప్రశ్ననే. మేం చదువుకున్న రోజుల్లో పానిపట్టు యుద్ధాల సంవత్సరాలు గడగడా అప్పజెప్పేవాళ్ళం గాని, పెనుకొండ కోట గోడల్ని ఎవరు కట్టారో చెప్పలేకపోయేవాళ్ళం. 1823లో కాంప్‌బెల్ చెప్పిన లోపం మా దాకా వచ్చిందన్నమాట.

స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘానికి ఒక మనవి. మన మూడు ఊళ్ళలోని ప్రాథమిక పాఠశాలలకు 33 అడుగుల గొలుసు ఒకటి, ఆ 1823 లెక్క తెలుగులో అచ్చువేసిన పటం ఒకటి ఇద్దాం. ఏడాదికొకసారి ఆ పిల్లల్ని పెనుకొండ కోటకు తీసుకుపోదాం. గొలుసుల ఖర్చు నేను పెట్టుకుంటాను. పటం తయారుచేసే బాధ్యత మన బ్యాచ్‌ల ఉపాధ్యాయులు తీసుకోవాలి.