గాజుల మలారం నుంచి కీర్తన దాకా: కైవారం తాతయ్య

చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి వైపు భజన జరిగే చోట కైవారం తాతయ్య పాట వినిపించకపోవడం అరుదు. ఆయనను మనం యోగిగా, కాలజ్ఞానం చెప్పిన మహనీయుడిగా తలచుకుంటాం. బడి పిల్లలున్న ఇళ్లలో ఆయన జీవితాన్ని మరో వైపు నుంచి కూడా చెప్పుకోవాలి. చేతికొచ్చిన వృత్తిలో రాణించలేకపోయిన ఒక మనిషి, తన తెలివి ఎక్కడుందో ఆలస్యంగా తెలుసుకున్న కథ అది.

వ్యాపారం అబ్బని వ్యాపారి

చింతామణి తాలూకాలోని కైవారాన్ని భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురంగా స్థలపురాణం చెబుతుంది. అక్కడి దైవం అమరనారేయణస్వామి. ఆ ఊళ్లోనే 1726లో, గాజులమ్మే బలిజ కుటుంబంలో, కొండప్ప, ముద్దమ్మ దంపతులకు నారాయణప్ప పుట్టారని సంప్రదాయం. 1836 దాకా, అంటే 110 ఏళ్లు బతికారని కూడా అదే సంప్రదాయం చెబుతుంది. ఆ కాలంలోనే హైదర్ అలీ ఎదిగాడు, 1799లో టిప్పు సుల్తాన్ మరణించాడు, 1831లో మైసూరు పాలన ఇంగ్లిష్ వాళ్ల చేతికి పోయింది.

గాజుల వ్యాపారాన్ని మనం తేలికగా చూస్తాం గానీ అందులో చాలా తెలివి కావాలి. మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరగాలి. చేతిని ఒత్తి చూసి, ఏ కొలతబద్దా లేకుండా సరిపోయే గాజు తీయాలి. గాజు చిట్లకుండా, చేయి నొప్పి పుట్టకుండా తొడగాలి. ఎవరికి అరువివ్వాలో, ఎప్పుడు వసూలు చేసుకోవాలో గుర్తుంచుకోవాలి. చేతి తెలివి, మనుషులను చదివే తెలివి, లెక్క తెలివి మూడూ కలిస్తేనే ఆ వ్యాపారం సాగుతుంది.

నారాయణప్పకు ఆ చివరిది అబ్బలేదు. డబ్బు లేని ఆడవాళ్లకు ఊరికే గాజులు తొడిగి వచ్చేవారని, ఇల్లు గడవక భార్య మునియమ్మ నిష్ఠూరాలాడేదని కథలు చెబుతాయి. ఆమె మాటలో తప్పేమీ లేదు. పొయ్యి వెలగాలి కదా. రాబడి ఒక్కటే కొలత అయితే ఆయన ఓడిపోయిన మనిషే.

గుహలో మూడేళ్లు

అటువంటి సమయంలో పరదేశిస్వామి అనే గురువు ఎదురయ్యారట. అష్టాక్షరీ మంత్రం ఉపదేశించి, నోట్లో గులకరాయి ఉంచి, అది కలకండ అయ్యేదాకా జపం మానవద్దన్నారట. కైవారం దగ్గరి కొండగుహలో నారాయణప్ప మూడేళ్లు కూర్చున్నారని, చివరికి రాయి తియ్యగా మారిందని చెబుతారు.

మహిమను నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. పంతుళ్లకు పనికొచ్చే విషయాలు మాత్రం ఈ కథలో రెండున్నాయి. లెక్కలో వెనకబడిన మనిషిలో మరో శక్తి ఉందని ఒకరు గుర్తించారు. ఆ శక్తి బయటపడేదాకా గడువు ఇచ్చారు.

తరువాత ఆయన నోట పద్యాలు, కీర్తనలు, కాలజ్ఞానం వెలువడ్డాయి. తెలుగులోనూ, కన్నడంలోనూ చెప్పారు. దొంగ గురువులను, కులగర్వాన్ని, పైపై పూజలను ఏ మొహమాటమూ లేకుండా నిలదీశారు. అదంతా పండితుల భాషలో కాదు, వాకిళ్లలో మాట్లాడుకునే భాషలో చెప్పారు. మలారంతో ఇల్లిల్లూ తిరిగిన ఏళ్లు వృథా పోలేదనే మేము అనుకుంటాం. గాజులు తొడుగుతూ విన్న కష్టసుఖాలు, ఈ సీమ రెండు భాషల పలుకుబడి ఆయన పాటకు ముడిసరుకు అయ్యాయి.

తెలివి ఒక్కటేనా?

అమెరికా మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ఒక పుస్తకం రాసి, తెలివిని ఒకే మార్కుతో కొలవలేమన్నారు. భాష, లెక్క-తర్కం, సంగీతం, ఆకారాలను ఊహించడం, ఒంటిని చేతులను నేర్పుగా వాడడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, తనను తాను తెలుసుకోవడం అని ఏడు రకాలు చెప్పారు. ప్రకృతిని గమనించే తెలివిని తరువాత చేర్చారు. ఇవన్నీ వేర్వేరు తెలివులేనా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో వాదం ఇంకా ఉంది. అయినా పిల్లలతో రోజూ గడిపే పంతుళ్లకు, ఒకే కొలత చాలదన్న సంగతి అనుభవంలో ఉన్నదే.

మన జిల్లాలోనే పక్కపక్కన పెట్టి చూడవచ్చు. చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో 1861లో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది లెక్క తెలివి. నీటి ఒత్తిడిని, ప్రవాహాన్ని అంచనా కట్టి, పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి వాటంతట అవే తెరుచుకునే గేట్లు రూపొందించారు. 1908లో మూసీ వరద ముంచెత్తిన తరువాత హైదరాబాదుకు రక్షణ మార్గం చూపారు. ఆయన చేత కీర్తనలు రాయించాలని గానీ, తాతయ్య చేత గేట్లు కట్టించాలని గానీ ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఇద్దరూ మొద్దులుగానే మిగిలేవారేమో.

మన బళ్లలో

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లిష్. మన పిల్లలు మూడు భాషల మధ్య పెరుగుతున్నారు. కన్నడంలో జవాబు చెప్పలేని పిల్లవాడికి విషయమే తెలియదని తేల్చేయడం సులువు. అదే ప్రశ్న తెలుగులో అడిగితే గడగడా చెప్పవచ్చు. బొమ్మ వేసి చూపమంటే ఇంకా బాగా చూపవచ్చు. భాష రాకపోవడం వేరు, తెలివి లేకపోవడం వేరు. ఈ తేడా పట్టించుకోకపోతే ఆ పిల్లవాడు తాను పనికిరానివాడినని నమ్మేస్తాడు. ఆ నమ్మకం పోగొట్టడం తరువాత చాలా కష్టం.

అలాగని లెక్కలు రాని పిల్లలకు లెక్కలు మానిపించమని మేము అనడం లేదు. తాతయ్య ఇంట్లో పొయ్యి కష్టం కథల్లో దాగలేదు. చదవడం, రాయడం, లెక్క వేయడం అందరికీ కావాలి. వాటితోపాటు ప్రతి బిడ్డకూ తనదైన బలం ఒకటి తెలిసి ఉండాలి.

కైవారంలో గురుపౌర్ణమికి సంగీతోత్సవం జరుగుతుంది. వీలైతే పిల్లలను తీసుకెళ్లండి. తాళం తప్పకుండా వేసేదెవరు, ఒక్కసారి విని చరణం అప్పజెప్పేదెవరు, దీని అర్థమేమిటని అడిగేదెవరు, తప్పిపోయిన చిన్నపిల్లవాణ్ణి వెతికి అమ్మకు అప్పగించేదెవరు, చూడండి. ఇంటికొచ్చాక వాళ్ల మార్కుల పుస్తకం వెనక పేజీలో రాసి పెట్టుకోండి.