బోదకాలుకు మాత్ర ఇచ్చిన భీమవరం డాక్టరు

పరీక్ష తప్పారా? కోరుకున్న డిగ్రీ చేతికి రాలేదా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీజీ పిలుపుతో ఖద్దరు గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్‌గా ఉన్న తెల్లదొరకు అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ రాలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు.

ఆయన అక్కడే ఆగిపోలేదు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదువుకున్నారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

ఇప్పుడు బోదకాలు సంగతి చూద్దాం. దోమకాటుతో ఒంట్లోకి చేరిన ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాలను పాడుచేస్తాయి. నీరు పైకి పోయే దారిలేక కాలు వాస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ చర్మం గట్టిపడుతుంది. నేడు సర్జన్లు మైక్రోస్కోపులో చూస్తూ, మిల్లీమీటరు కూడా లేని ఈ నాళాలను సిరలకు కలిపి కుడుతున్నారు. తొలిదశలో చేస్తే వాపు తగ్గే అవకాశం ఎక్కువ. కాలు గట్టిపడ్డాక ఫలితం తక్కువే. ఆపరేషన్ అయ్యాక కూడా కాలు శుభ్రంగా ఉంచుకోవడం, బిగుతు మేజోళ్లు వేసుకోవడం చాలామందికి ఏళ్ల తరబడి తప్పదు.

అందుకే పురుగును ముందే ఆపాలి. ఆ పని చేసే మందు డీఈసీ. సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగం నుంచి 1947లో వచ్చింది. ముదిరిన వాపును అది పోగొట్టలేదు, కానీ రక్తంలోని పిల్లపురుగులను చంపి, దోమల ద్వారా ఇంకొకరికి పాకకుండా అడ్డుకుంటుంది. మరుసటి ఏడాదే, 53 ఏళ్లకు ఆయన కన్నుమూశారు.

సర్జరీ ప్రొఫెసర్ చిన్నచూపు చూసిన విద్యార్థి, ఎంతోమందికి సర్జరీ అవసరమే రాకుండా చేశాడన్నమాట!

మీ ఊళ్లో ఆరోగ్య కార్యకర్త డీఈసీ మాత్రలు తెస్తే, తర్వాత వేసుకుంటామని అల్మారాలో పడేయకండి. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లు తప్ప అందరూ తిన్నాక అక్కడికక్కడే మింగాలి. ఇక మార్కుల జాబితా బాగాలేదని దిగులా? మూడోసారి రాసి చూడండి.