కిరణముల జాడ పట్టిన స్వామి

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్సు కిరణములను కనుగొనెను. మరుసటి సంవత్సరమే ఫ్రాన్సులో బెకెరల్ యురేనియమునుండి తమంతట తామే వెలువడు కిరణములను గుర్తించెను. ఆ 1896లోనే, డిసెంబరు 5వ తేదీన, భీమవరమునకు చేరువనున్న గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు జన్మించిరి. యౌవనముననే ఇల్లు విడిచి, హిమాలయములకేగి, ఏండ్ల తరబడి తపస్సు చేసి, స్వామి జ్ఞానానందులైరి.

1927లో ఆధ్యాత్మికోపన్యాసములకై జర్మనీ వెళ్లిరి. అక్కడ సాపేక్ష సిద్ధాంతమును గూర్చిన ప్రసంగములు వినినంతనే మనసు అటు తిరిగినది. అప్పటికి ముప్పది దాటిన వయసు. పదిమందికి బోధింపవచ్చిన స్వామి గణితము, భౌతికశాస్త్రము నేర్చుకొనుటకు కూర్చుండిరి. ఉపాధ్యాయులకు ఇది ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. పిదప ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయములో ఎక్సు కిరణముల వర్ణపటములపై పరిశోధించి డాక్టరు పట్టమందిరి.

రేడియో తరంగము, నిప్పు సెగ, దీపపు వెలుగు, ఎక్సు కిరణము, గామా కిరణము, ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందిన విద్యుదయస్కాంత తరంగములు. పొడవులు వేరు, పుట్టిల్లు వేరు. ఏరియలు తీగలో విద్యుత్తు ఇటునటు ఊగిసలాడగా రేడియో తరంగము పుట్టును. ఉప్పు పడిన మంట పచ్చగా వెలుగుటకు పరమాణువు వెలుపలి ఎలక్ట్రానులు కారణము. లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాను ఎగిరిపోయి, ఆ ఖాళీలోనికి పై ఎలక్ట్రాను దిగినపుడు ఎక్సు కిరణము వెలువడును. గామా కిరణము పరమాణు కేంద్రకమునుండియే వచ్చును.

ఎక్సు కిరణపు పొడవు సుమారు మిల్లీమీటరులో కోటవ వంతు. దానిని గాజు పట్టకము విడదీయజాలదు. స్ఫటికములోని పరమాణువుల వరుసలే కావలెను. పొడవు కొంత హెచ్చైన ఎక్సు కిరణములను గాలియే మింగివేయును గనుక పరికరమునుండి గాలిని తోడివేయవలెను. ఈ విద్యలో స్వామి ఎంత ఆరితేరిరనగా, శూన్యమును కల్పించు పద్ధతులను గూర్చి వారు వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1947లో వెలువడినది. వేదాంతి శూన్యముపై వ్రాసెనన్న మరొకటి తలచెదరు గాని, ఇది పంపులకు, గొట్టములకు సంబంధించిన శూన్యము!

ప్రేగ్ తరువాత, న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ వద్ద లివర్‌పూల్‌లో బీటా కిరణములపై పనిచేసిరి. బీటా కిరణములు తరంగములు గావు, కేంద్రకమునుండి దూసుకువచ్చు ఎలక్ట్రానులు. గామా కిరణములు తరచుగా వాని వెంట వెలువడును. యుద్ధకాలమున అమెరికాలోని మిషిగన్‌లోను, స్వదేశమునకు మరలిన పిదప ఢిల్లీలోని జాతీయ భౌతిక పరిశోధనాలయములోను కృషి సాగినది.

కడపట ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పిలువగా విశాఖపట్టణము చేరి, అణుకేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిరి. డాక్టరు పట్టములు వచ్చినను స్వామి యను పేరు విడువలేదు. 1969లో వారు కన్నుమూయునాటికి తెలుగు విద్యార్థులు బీటా, గామా కిరణములను సొంత గడ్డమీదనే కొలుచుచుండిరి.